రెండు గదుల ఇంట్లో వేట

పిల్లి ఉన్న ఏ ఫ్లాట్‌లోనైనా సోఫా కిందికి చీపురు పోనిచ్చి లాగితే ఒక చిన్న బొమ్మల కొట్టు బయటపడుతుంది. దుమ్ము పట్టిన ప్లాస్టిక్ బంతులు, తోక ఊడిన గుడ్డ ఎలుక, మోగడం మానేసిన మువ్వ, వందల రూపాయలు పోసి కొన్న బ్యాటరీ చేప. కొన్న రోజున పిల్లి వాటిని ఒకసారి వాసన చూసి, పంజాతో రెండుసార్లు తట్టి, చివరికి అవి వచ్చిన అట్టపెట్టెలోకెక్కి కూర్చుని ఉంటుంది. అది చూసి ఇంట్లోవాళ్లు రెండు రకాలుగా అనుకుంటారు. మా పిల్లికి ఆటలంటే పడదు అని కొందరు, ఇంతకంటే మంచి బొమ్మ తేవాలి అని కొందరు. ఈ రెండూ సరికావని చెప్పడానికే ఈ ప్రసంగం. పిల్లి మనసు బొమ్మ మీద ఉండదు, ఆ బొమ్మ కదిలే తీరు మీద ఉంటుంది. ఆ కదలిక వేటను గుర్తుచేస్తే పాత చొక్కా పేలిక కూడా చాలు, గుర్తుచేయకపోతే ఎంత ఖరీదైన సామానైనా సోఫా కిందికే పోతుంది. కాబట్టి చిన్న ఇంట్లో బొమ్మలు ఎంచుకునేవాళ్లు ముందు ఆలోచించవలసింది వేట గురించి. ఎవరు కదిలిస్తారు, ఎంతసేపు, ఎలా ముగుస్తుంది, ఆ తర్వాత బొమ్మ ఎక్కడ దాస్తారు అన్నవి తేలాకే కొట్టుకు వెళ్లాలి.

ఈ వేట మోజుకు మూలం పిల్లి పుట్టుకలోనే ఉంది. ఇళ్లల్లో పెరిగే పిల్లులన్నీ ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి సంతతేనని జన్యు పరిశోధనలు తేల్చాయి. సైప్రస్ దీవిలో మనిషి సమాధి పక్కనే పూడ్చిపెట్టిన ఒక పిల్లి అస్థిపంజరం దొరికింది, దాని వయసు సుమారు 9,500 ఏళ్లని 2004లో ప్రకటించారు. మనిషి ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టాడు, గాదెల్లో ఎలుకలు చేరాయి, ఎలుకల వెనక పిల్లి వచ్చింది. కుక్కనైతే మనిషి తన అవసరానికి తగ్గట్టు మలుచుకున్నాడు. గొర్రెలను మళ్లించడానికి ఒక జాతి, కొట్టిన పిట్టను తెచ్చివ్వడానికి ఒక జాతి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి ఇంకో జాతి. పిల్లిని అలా మలచవలసిన అవసరం పడలేదు. ఎలుకలు పట్టే కొలువుకు అది తయారై వచ్చింది, ఆ తయారీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 కేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు రెండువందల పైచిలుకు కావాలి. అంటే బయట బతికే పిల్లికి రోజుకు ఏడెనిమిది ఎలుకలు పడాలి. ప్రతి దూకుడుకూ ఎలుక దొరకదు కాబట్టి అంతకు రెట్టింపుసార్లు మాటు వేయాలి. ఇదీ దాని దినచర్య. మూడో అంతస్తులోని సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో మనం పొద్దున్నే గిన్నె నిండా గింజల్లాంటి పొడి మేత పోసి ఆఫీసుకు వెళ్లిపోయామంటే ఆ కష్టమంతా ఒక్క నిమిషంలో తీర్చేసినట్టు. కడుపు నిండింది కదా, హాయిగా పడుకోదా అంటారా? జర్మన్ జంతుప్రవర్తన శాస్త్రవేత్త పాల్ లైహౌజెన్ జీవితమంతా పిల్లులను గమనించి చెప్పింది ఇదే: మాటు వేయడం, పట్టడం, చంపడం, తినడం అన్నవి పిల్లిలో ఒకే కోరిక కాదు, దేనికదే విడిగా ఉండే కోరికలు. ఆకలి తీరినంత మాత్రాన మాటు వేయాలన్న కోరిక తీరదు. ఆ కోరిక వెళ్లే దారి లేక కర్టెన్ల మీదికి, తెల్లవారుజామున నాలుగింటికి మన కాలివేళ్ల మీదికి వస్తుంది.

మరి కొత్త బొమ్మ మీద మోజు అంత త్వరగా ఎందుకు తీరిపోతుంది? ఇంగ్లండ్‌లో జాన్ బ్రాడ్‌షా, సారా హాల్ 1990లలో మొదలుపెట్టిన ప్రయోగాలు దీనికి జవాబిస్తాయి. 1998లో ప్రచురించిన పరిశోధనలో ఆకలిగా ఉన్న పిల్లులు బొమ్మలతో మరింత జోరుగా ఆడాయి, మామూలుగా జంకే పెద్ద బొమ్మల మీదికి కూడా దూకాయి. ఆటా వేటా పిల్లి బుర్రలో ఒకే చోట ఉన్నాయనడానికి ఇంతకంటే ఏం కావాలి? 2002లో వచ్చిన రెండో పరిశోధన మన సోఫా కింది సామాను కథ చెబుతుంది. అదే బొమ్మను వరుసగా మూడుసార్లు ఇచ్చేసరికి పిల్లులకు ఆసక్తి పోయింది. కొద్ది నిమిషాల్లోనే రంగు మార్చిన ఇంకో బొమ్మ ఇస్తే మొదటిసారి కంటే ఎక్కువ ఉత్సాహంతో ఆడాయి. అంటే పిల్లి అలసిపోలేదు, వేట మీద మనసూ పోలేదు, ఆ ఒక్క బొమ్మ మీదే పోయింది. వేటగాడి లెక్కలో ఇది తెలివైన పనే. ఎంత కొరికినా చావని, చిరగని, రూపం మారని జంతువు మీద ఇంకా శక్తి ఖర్చుపెట్టడం దండగ. ఇందులో ఒక చిక్కుంది. ఈకలు రాలే బొమ్మ, దారాలు ఊడే గుడ్డ, పంటికింద చిరిగే కాగితం పిల్లికి ఎక్కువసేపు నచ్చుతాయి. దానికి బాగా నచ్చేది, దాని దగ్గర వదిలేయకూడనిది ఒకటే అవుతున్నాయన్నమాట. బొమ్మల బుట్ట నింపి నేలమీద పెట్టేస్తే చాలుననుకునే పద్ధతి ఇక్కడే వీగిపోతుంది. గట్టి బొమ్మలు పెడితే పిల్లికి విసుగు, మెత్తనివి పెడితే ప్రమాదం. మనిషి పక్కనుండి ఆడించి, అయిపోగానే తీసి దాచేయడమే దీనికి విరుగుడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. ఎలుక సంగతి ఎలా ఉన్నా పిల్లి వైపు నుంచి చూస్తే ఆ సామెతకు కొంత సవరణ కావాలి. మాక్సీన్ బిబెన్ అనే శాస్త్రవేత్త 1979లో ప్రచురించిన ప్రయోగాల్లో పిల్లి ఆకలి పెరిగేకొద్దీ చంపడం ఎక్కువైంది, ఎర పెద్దదయ్యేకొద్దీ తగ్గింది. ఎగరేసి పట్టుకోవడం, వదిలి మళ్లీ తరమడం వంటి చెలగాటం ముఖ్యంగా కనిపించింది ఈ రెండింటి మధ్య, చంపాలా వద్దా అని తేలని చోట. పెద్ద ఎలుక కరుస్తుంది, కన్నుకు తగిలితే వేటగాడి బతుకే పోతుంది. అందుకని పిల్లి దూరంనుంచే కొట్టి, దాన్ని అలసిపోనిచ్చి, అప్పుడు దగ్గరికి వెళుతుంది. బొమ్మ కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. మొదట కొనేది చిట్టెలుక పరిమాణంలో, అంటే బొటనవేలంత పొడవుతో, బొచ్చో ఈకో ఉన్నదై ఉండాలి. పిల్లంత పెద్ద బొమ్మ పిరికి పిల్లికి భయం పుట్టిస్తుంది. ధైర్యం ఉన్న పిల్లికి మాత్రం జానెడున్నర పొడవున్న గుడ్డబొమ్మ ఒకటి వేరే పనికొస్తుంది. ముందు కాళ్లతో కావలించుకుని వెనక కాళ్లతో టపటపా తన్నడానికి అది బాగుంటుంది. పాత సాక్సులో గుడ్డపేలికలు కూరి మూతి గట్టిగా కుట్టేస్తే అదే వస్తుంది.

రంగుల గురించి కొట్లో తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఎరుపు పిల్లి కంటికి సరిగా ఆనదు. నీలం, పసుపు, పచ్చ ఛాయలు మెరుగ్గా తెలుస్తాయి. మనకు ముచ్చటగా కనిపించే ఎర్రబంతి దానికి బూడిదరంగు ముద్ద. ముక్కుకు జానెడు దూరంలోపలి వస్తువు కూడా దానికి మసకే, అంత దగ్గరలో మీసాలతో తడుముకుంటుంది తప్ప చూడదు. బొమ్మను తెచ్చి మొహం ముందు ఊపితే చాలా పిల్లులు తల వెనక్కి లాక్కోవడానికి కారణం ఇదీ, ఏ ఎలుకా తనంతట తాను పిల్లి నోటికి ఎదురురాదన్నదీ. చెవుల విషయానికొస్తే మనకు 20 వేల హెర్ట్జ్ దాటితే ఏమీ వినపడదు, పిల్లికి 80 వేల దాకా వినిపిస్తుంది. ఎలుకలు తమలో తాము ఎక్కువగా మాట్లాడుకునేది ఆ పై స్వరాల్లోనే. అందుకే సంతలో దొరికే పెద్ద గజ్జె కంటే పొడి కాగితం కింద వేలు కదిలించిన చప్పుడు దాని చెవులను ఎక్కువ నిక్కబొడుస్తుంది. ఖరీదు ఏమాత్రం? ఒక పాత దినపత్రిక.

అన్నిటికంటే పనికొచ్చే బొమ్మ మాత్రం కర్రకు దారం, దారం చివర ఈకో గుడ్డో కట్టినది. కొట్లలో టీజర్ అంటారు. దీనితో ఆడించడం చేతనైతే మిగతావన్నీ అదనమే. చాలామంది చేసే పని దాన్ని గాలిలో గిరగిరా తిప్పడం. పిల్లి రెండుసార్లు ఎగిరి, మూడోసారి కూర్చుని చూస్తుంది. అలా కాకుండా ఈకను నేలమీద ఉంచి పిల్లికి దూరంగా, అడ్డంగా లాగాలి. జానెడు జరగాలి, ఆగాలి. మళ్లీ బెత్తెడు జరిగి సోఫా కాలు వెనక్కి సగం దాక్కోవాలి. ఇక్కడ తొందరపడకూడదు. పిల్లి తల కిందికి వంచుతుంది, కంటిపాప నల్లగా కన్నంతా పరుచుకుంటుంది, పొట్ట నేలకు ఆనుతుంది. వెనక కాళ్లు కుదురుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది. మనం చూసి ఏమీ జరగడం లేదనుకునే ఈ అరనిమిషమే దానికి వేటలో ముఖ్యభాగం. ఈక అంచు సోఫా వెనక కొద్దిగా వణికితే చాలు, దూకుతుంది. దూకినప్పుడు ప్రతిసారీ తప్పించేస్తే పిల్లికి విసుగొస్తుంది, మూడునాలుగు దూకుళ్లకు ఒకటైనా దొరకనివ్వాలి. దొరికాక లాక్కోకుండా దారం వదులు చేయాలి, కాసేపు కొరకనివ్వాలి. అయిదారు నిమిషాలయ్యాక ఎర అలసిపోయినట్టు కదలికలు నెమ్మదించాలి. చివరి పట్టు పిల్లిదే కావాలి. వెంటనే గిన్నెలో కొంచెం మేత వేయాలి, ఇది అదనంగా కాకుండా రోజువారీ కొలతలోంచి తీసి పెట్టాలి. పట్టింది, తిన్నది, ఇక ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుని పడుకుంటుంది. ఈ పని రాత్రి మనం పడుకోబోయే ముందు చేస్తే తెల్లవారుజామున కాలివేళ్ల మీద దాడి చాలావరకు తగ్గుతుంది, కింది ఫ్లాటువాళ్ల ఫిర్యాదులు కూడా.

అంత తీరిక ఎవరికుందండీ అన్నది మొదటి అభ్యంతరం. పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి తిరిగొచ్చేవాళ్లకు ఇది న్యాయమైన ప్రశ్నే. అయితే కావలసిన సమయం గంటలు కాదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నైరుతి ఇంగ్లండ్‌లో 219 ఇళ్లలోని 355 పిల్లులను 12 వారాలపాటు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. అవి బయట తిరిగి వేటాడే పిల్లులు. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఇంటివాళ్లు వాటితో ఈక బొమ్మతోనూ ఎలుక బొమ్మతోనూ ఆడితే, అవి ఇంటికి మోసుకొచ్చే వేట 25 శాతం తగ్గింది. నిజమైన వేటలో పావువంతును ఆ కొద్ది నిమిషాలు భర్తీ చేశాయంటే, నిజమైన వేట అసలే లేని ఫ్లాటు పిల్లికి వాటి విలువ ఎంతో ఊహించవచ్చు. ఇదే పరిశోధన రెండో అభ్యంతరానికీ జవాబిస్తుంది. వేట ఆటలు నేర్పితే పిల్లి క్రూరంగా తయారవుతుందని, పిల్లలను రక్కుతుందని కొందరి భయం. వేటతనం ఆటతో పెరిగేదైతే ఆ పిల్లులు ఇంకా ఎక్కువ పిట్టలను తేవాలి, తేలేదు. రక్కుళ్లకు కారణం వేరే ఉంది. పిల్లికూన చిన్నగా ఉన్నప్పుడు ముద్దుగా ఉందని మన వేళ్లతోనే ఆడిస్తాం. ఆరు నెలలకు దాని పళ్లూ గోళ్లూ గట్టిపడతాయి, కానీ చెయ్యంటే ఎరే అన్న పాఠం అలాగే ఉండిపోతుంది. చేతికీ పంటికీ మధ్య ఎప్పుడూ ఒక కర్రో దారమో ఉండాలన్నది ఇంట్లో చిన్నపిల్లలకు కూడా చెప్పి ఒప్పించవలసిన నియమం.

మనిషి లేకుండా పని జరిపే సామాన్లు ఉన్నాయి కదా అని ఇంకో మాట. వీటిలో రెండింటి గురించే చెబుతాను. ఒకటి, మేతను బయటికి తీయడానికి పిల్లి బుర్ర ఉపయోగించవలసిన పెట్టెలు, బంతులు. కోడిగుడ్ల అట్ట గుంటల్లో గింజలు వేసినా, ప్లాస్టిక్ సీసాకు నాలుగు చిల్లులు పెట్టి దొర్లించమన్నా అదే. పశువైద్యులు వీటిని గట్టిగా సిఫారసు చేస్తారు, గబగబా తినే పిల్లికీ ఒళ్లు చేసిన పిల్లికీ ఇవి మంచివే. కానీ వీటి మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. ఎక్సెటర్ పరిశోధనలోనే ఇలాంటి పెట్టెల్లో మేత పెట్టిన పిల్లులు మోసుకొచ్చిన వేట 33 శాతం పెరిగింది, బహుశా మేత సులువుగా అందక ఆకలీ చిరాకూ పెరిగి ఉంటాయి. అదే ఏడాది అమెరికాలో మికెల్ డెల్గాడో బృందం 17 పిల్లుల ముందు పళ్లెంలో మేత ఒకవైపు, పెట్టెలో మేత ఒకవైపు పెడితే ఎక్కువ తిన్నది పళ్లెంలోంచే. కష్టపడి సంపాదించిన తిండే రుచి అన్న మన నీతి పిల్లికి పట్టదు. దాన్ని సోమరి అనడం కూడా తప్పు. పిల్లి వేటలో మాటు ఉంది, దూకుడు ఉంది, పెట్టెలోంచి గింజ తీయడం కాదు. కాబట్టి ఈ పెట్టెలు వేటకు తోడుగా ఉండాలి, బదులుగా కాదు. సులువైన వాటితో మొదలుపెట్టాలి, ఆకలితో మాడ్చి నేర్పకూడదు.

రెండోది లేజర్ లైటు. అద్దెకున్న చిన్న గదిలో కుర్చీలోంచి లేవకుండా పిల్లిని పరుగెత్తించవచ్చు కాబట్టి దీనికి గిరాకీ ఎక్కువ. 2021లో అమెరికా పరిశోధకులు కోగన్, గ్రిగ్ 600 మందికి పైగా పిల్లుల యజమానుల జవాబులు సేకరించారు. లేజర్ ఎక్కువగా వాడే ఇళ్లలో పిల్లులు గోడ మీద వెలుగు మచ్చలను, నీడలను అదేపనిగా వెంటాడడం, ఒకే బొమ్మకు అతుక్కుపోవడం ఎక్కువగా కనిపించిందని తేలింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇది యజమానులు చెప్పిన సంగతులమీద ఆధారపడిన సర్వే. లేజరే కారణమని ఇది రుజువు చేయదు, అసలే చపలంగా ఉన్న పిల్లికే మనుషులు లేజర్ ఎక్కువ వాడుతుండవచ్చు. అయినా నా తీర్పు లేజర్‌కు వ్యతిరేకంగానే ఉంది. ఇంతకుముందు చెప్పుకున్న వేట క్రమంలో పట్టడం, కొరకడం అన్న భాగాలు లేజర్‌లో ఎప్పటికీ రావు. వాడక తప్పదనుకునేవాళ్లు చివర్లో ఆ చుక్కను ఒక గుడ్డ ఎలుక మీద ఆపి దాన్ని పట్టనివ్వాలి, కంట్లో పడకుండా చూసుకోవాలి. ఫోనులో చేపలు ఈదే ఆటకూ ఇదే వర్తిస్తుంది.

ఇక ప్రమాదాల విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇంట్లో ప్రాణం తీసేది కొట్లో కొన్న బొమ్మ కంటే నేలమీద దొరికిన దారమే. పిల్లి నాలుకను చూడండి, మధ్యభాగమంతా సన్నని ముళ్లు, అన్నీ గొంతువైపే వంగి ఉంటాయి. ఒళ్లు దువ్వుకోవడానికి, ఎముక మీది మాంసం గీకడానికి అవి గొప్ప సాధనం. కానీ ఒక దారపు కొస వాటిలో చిక్కితే ఉమ్మడానికి వీలుండదు, మింగుతూ పోవడమే. ఒక కొస నాలుక కింద చుట్టుకునో, జీర్ణాశయం చివర తట్టుకునో ఆగిపోతుంది, మిగతా దారం పేగులోకి దిగుతుంది. పేగు తన మామూలు కదలికతో దాన్ని ముందుకు లాగబోతే దారం బిగుసుకుని పేగంతా కుచ్చెళ్లలా ముడతలు పడుతుంది, చివరికి కోసేస్తుంది. ఆపరేషన్ తప్ప దారి లేదు. పిల్లి నోట్లోనో మలద్వారం దగ్గరో దారపు కొస కనిపిస్తే లాగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తెలుగు ఇళ్లల్లో ఇలాంటి దారాలకు కొదవ లేదు: వాడిపోయిన మల్లెపూల మాల దారం, జడ రబ్బరు, చీర కుచ్చుల పోగులు, బొత్తాం కుట్టి పక్కన పెట్టిన సూదీ దారం, పండక్కి గుమ్మానికి కట్టిన తళుకు దండలు. సంక్రాంతి దాటాక వారం రోజులు హైదరాబాదులో ప్రతి బాల్కనీకి ఒక తెగిన గాలిపటం వేలాడుతుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, అయినా అది దొరుకుతూనే ఉంది. ఆ దారం పక్షి రెక్కనే కోస్తుందంటే పిల్లి పేగు ఏపాటిది? టీజరుకున్న దారం కూడా ఇలాంటిదే, ఆట అయిన వెంటనే తలుపున్న అరలో పెట్టాలి. పిల్లి ఒంటరిగా ఉన్నప్పుడు నేలమీద ఉండదగినవి తక్కువ: నోట్లో పట్టనంత పెద్ద బంతి, పింగ్‌పాంగ్ బంతి, టేపూ పిన్నులూ తీసేసిన అట్టపెట్టె, గోళ్లు గీరుకోవడానికి గట్టిగా చుట్టిన కొబ్బరి తాడు స్తంభం. కొట్లో గుడ్డ ఎలుక కొంటే అక్కడే దాని కళ్లు, తోక గట్టిగా లాగి చూడండి. మీ వేళ్లకు ఊడి వచ్చేది పిల్లి పంటికీ ఊడి వస్తుంది.

ఇంత చిన్న ఇంట్లో పరుగెత్తడానికి చోటెక్కడిది అన్నది అందరూ అడిగేదే. పిల్లి పరుగు పందెం జంతువు కాదు. పదడుగుల మాటు, ఒక దూకుడు దానికి చాలు. మనం నేల కొలుస్తాం, అది ఎత్తులు కూడా కొలుస్తుంది. బీరువా పైన పాత దుప్పటి, కిటికీ పక్కన గట్టి స్టూలు, మంచం మీద దుప్పటి కింద దూరే సొరంగం, వీటితో గదికి ఇంకో అంతస్తు వచ్చినట్టే. మన ఫ్లాట్లలో బాల్కనీకి కట్టే పావురాల వల గురించి ఒక జాగ్రత్త ఉంది. అది పావురాలు లోపలికి రాకుండా కట్టింది, అవతలి పావురం మీదికి దూకే నాలుగు కిలోల బరువును ఆపడానికి కట్టింది కాదు. సన్న నైలాను పిల్లి పంటికి తెగుతుంది కూడా. న్యూయార్కులో ఒకే ఆసుపత్రికి 5 నెలల్లో ఎత్తునుంచి పడిన 132 పిల్లులు వచ్చాయని 1987లో ప్రచురించారు. వైద్యం అందినవాటిలో పదింట తొమ్మిది బతికాయి. అది విని పిల్లికి తొమ్మిది ప్రాణాలని ధీమా పడనక్కర్లేదు, పడగానే చనిపోయినవి ఆసుపత్రిదాకా రావు. బయటికి వదిలేస్తే ఈ బాధలన్నీ ఉండవు కదా అనేవాళ్లకు రోడ్డు మీది ఆటోలూ వీధికుక్కలూ చూపిస్తే సరిపోతుంది. ఇంకొకటి, సీలింగ్ ఫ్యాను. బీరువా మీద కూర్చున్న పిల్లికి ఈకను పైకెత్తి చూపించేముందు స్విచ్చి ఆపండి, ఎండాకాలమైనా సరే.

రెండో పిల్లిని తెస్తే ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి కదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. కలిసి పెరిగిన తోబుట్టువులైతే ఫరవాలేదు. పెద్దయ్యాక తెచ్చిన పిల్లితో మాత్రం సగం సందర్భాల్లో సోఫా సరిహద్దు తగాదా మొదలవుతుంది. పిల్లి ఒంటరి వేటగాడు, ఒకే ఈక మీదికి రెండు పిల్లులు దూకితే ఒకటి తప్పుకుని గోడ వారగా కూర్చుంటుంది, వాటిని వేరువేరు గదుల్లో ఆడించాలి. క్యాట్‌నిప్ అనే ఎండు ఆకు నింపిన బొమ్మలు కొంటే అన్ని పిల్లులకూ పనిచేయవని తెలిసి కొనండి. అది వంశపారంపర్య స్పందన, మూడింట రెండు వంతుల పిల్లులకే ఉంటుంది, కూనలకు ఉండదు. పనిచేయకపోతే బొమ్మలోనూ పిల్లిలోనూ లోపం లేదు. మన గోడల వెంట మొలిచే కుప్పింటి మొక్క వేరు కూడా పిల్లులను లాగుతుంది, కానీ ఆ మొక్కలో విషపదార్థాలున్నాయి కాబట్టి ఇంట్లోకి తేవద్దు.

ఆట అంటే ముద్దుమురిపెం మాత్రమేననుకునేవాళ్లకు చివరగా ఒక వైద్య సంగతి చెప్పాలి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం, కారణం దొరకని మూత్రాశయ వాపుతో బాధపడే 46 ఇంటిపిల్లుల విషయంలో మామూలు వైద్యంతోపాటు ఇంటి వాతావరణం కూడా మార్చి చూసింది. ఎక్కే చోట్లు, దాక్కునే చోట్లు, ఆట, మనుషులతో పొందిక పెంచడం వంటి మార్పులన్నీ కలిపి చేస్తే జబ్బు లక్షణాలు బాగా తగ్గాయని 2006లో ప్రచురించారు. వాటిలో ఆట వాటా ఎంతో విడదీసి చెప్పలేం, కానీ విసుగు పిల్లి ఒంట్లో జబ్బుగా మారగలదన్న మాటకు మాత్రం ఇది బలమిస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. రోజూ ఈక మీదికి దూకే పిల్లి వారంగా దూకడం లేదంటే అందరికీ ముందు తట్టేది బొమ్మ పాతబడిందనే. బొమ్మ మార్చి చూడండి, వేళ మార్చి చూడండి. అప్పటికీ మాటు వేసి దూకబోయి ఆగిపోతున్నా, స్టూలు ఎక్కడానికి తటపటాయిస్తున్నా, పట్టిన ఈకను కొరకకుండా వదిలేస్తున్నా అది కీళ్ల నొప్పో పంటి నొప్పో కావచ్చు. పదేళ్లు దాటిన పిల్లుల్లో కీళ్ల అరుగుదల చాలా సామాన్యం, అవి కుంటవు, మూలగవు, ఆడడం మానేస్తాయి. అప్పుడు వెళ్లవలసింది బొమ్మల కొట్టుకు కాదు, పశువైద్యుడి దగ్గరికి. ఆట ఎప్పటినుంచి తగ్గింది, ఏ కదలిక దగ్గర ఆగుతోంది అన్నది ఫోనులో వీడియో తీసి పట్టుకెళితే ఆయనకు సగం పరీక్ష అయిపోయినట్టే.